నలభై నిమిషాల దూరం

ఆ మంగళవారం తెల్లవారుజామున నేను చేసింది పొరపాటు. మధ్యాహ్నం చేసింది పొరపాటు కాదు. ఈ రెండింటికీ తేడా నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, మరో పదేళ్ళుగా మా పేట సంఘంలో పెద్దగా ఉన్నవాణ్ణి. తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా ఊరు వినుకొండకు పడమటగా ఉంటుంది. ఒక పక్క పత్తి చేలు, ఒక పక్క మిరప చేలు. ఆ సోమవారం మధ్యాహ్నం మిరపకాయ కోతలో మా పేట ఆడమనిషి ఒకామె సాలులోనే కుప్పకూలింది. నలభై ఆరేళ్ళు ఉంటాయి. తోటివాళ్ళు మొహాన నీళ్ళు చల్లి ఆటోలో వేసుకుని వెళ్ళారు గానీ, వినుకొండ ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు. ఆమెకు పిల్లలు లేరు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. పెళ్ళై అత్తగారింటికి వస్తూ వాణ్ణి చంకనేసుకొచ్చిందని మా పేటలో ఇప్పటికీ అంటారు. వాడు నా దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు ఈశాన్యాన, చైనా సరిహద్దు కొండల్లో రోడ్డు పనుల దగ్గర పొక్లెయిన్ నడుపుతున్నాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. బైబిలు పట్టుకున్నాక చాలా వదిలేశాం గానీ దీన్ని వదల్లేదు. పెళ్ళైన ఆడమనిషి పోతే, శవపెట్టె మూసేలోగా పుట్టింటివాళ్ళు వచ్చి తమ చేత్తో చీర కప్పాలి. పుట్టింటి చీర లేకుండా పోయిందంటే ఆ మనిషికి వెనక ఎవరూ లేరని అర్థం. ఈమెకు పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే.

భూస్థాపన ఎప్పుడు అన్నది మా పేటలో నేనే చెబుతాను. దూరం నుంచి రావలసినవాళ్ళు ఎవరు, ఎక్కడున్నారు, ఏ బండికి వస్తారు అని లెక్క చూసి, పాస్టరు గారితో మాట్లాడి, మందిరం మైకులో ప్రకటిస్తాను. సోషల్ చెప్పినవాణ్ణని, మ్యాపులు తెలుసని నాకు ఆ పని దక్కింది. నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఇష్టం. మైకులో నా గొంతు పేట మీదుగా చేల దాకా పోతుంటే వినడం ఇష్టం. ఆ సోమవారం సాయంత్రం తమ్ముడితో సరిగా మాట్లాడకముందే, బుధవారం పొద్దున పది గంటలకని చెప్పేశాను. గురువారం నుంచి పాస్టరు గారికి వేరే ఊళ్ళో ప్రార్థన కూటాలున్నాయి. నాకు అదొక్కటే కనబడింది.

ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను ఆమె దగ్గర ఉండేది. ఆసుపత్రి హడావుడిలో అదెక్కడ పడిపోయిందో ఎవరికీ తెలియదు. కాబట్టి వాడు మాట్లాడాలన్నా వాడితో మాట్లాడాలన్నా నా ఫోనే దిక్కు. ఈ మాట ఇక్కడ రాయడం ఎందుకంటే, తర్వాత జరిగిందంతా దీనివల్లే నాకు సాధ్యపడింది.

మంగళవారం మాకింకా తెల్లవారలేదు, ఫోను మోగింది. అక్కడ సూర్యుడు ముందు వస్తాడని నేనే వాళ్ళకు పాఠం చెప్పాను. వాడు క్యాంపు నుంచి లారీలో కొండ కిందున్న చిన్న ఊరికి వచ్చి, సుమో స్టాండులో నిలబడి ఉన్నాడు. ఆ కొండల్లో సుమోలే బస్సులు. రోజుకు ఒక్కసారి, తెల్లవారగానే బయల్దేరతాయి. ఆ తర్వాత మళ్ళీ మర్నాడే.

"సంచి పైన కట్టేశారు సార్. సాయంత్రానికి కింద టౌనులో దింపుతారు. రేపు పొద్దున అక్కడ విమానమెక్కితే కలకత్తా మీదుగా విజయవాడ. పొద్దుగూకేటప్పటికి ఇంట్లో ఉంటా. గురువారం పొద్దున పెట్టుకుందాం."

"గురువారం ఎట్టా కుదురుద్దిరా? రేపు పదింటికని మైకులో చెప్పేశాం."

వెనక ఎవరో హిందీలో కేకలేస్తున్నారు. ఇంజను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నేను ఉండమని చెప్పి, కళ్ళజోడు పెట్టుకుని, మా ఆవిడ ఫోనులో వెతికాను. వాడున్న ఊళ్ళో చిన్న విమానాశ్రయం ఉంది. కొండ దిగువన మైదానం మొదలయ్యే చోట ఇంకొకటి ఉంది. రెండు పేర్లూ కొట్టగానే ఒక పేజీ వచ్చింది. ఈ విమానాశ్రయానికీ ఆ విమానాశ్రయానికీ దూరం ఇన్ని కిలోమీటర్లు, ప్రయాణ సమయం నలభై నిమిషాలు. కింద మ్యాపు మీద రెండు చుక్కల మధ్య గీసిన నీలం గీత. సుమోకు పద్నాలుగు గంటలు పట్టే దారి. అక్కడ నలభై నిమిషాలని నల్లటి అక్షరాల్లో రాసి ఉంది.

"దిగు రా," అన్నాను. "సంచి దింపించుకో. మీ ఊళ్ళోనే విమానముంది. నలభై నిమిషాలు. మధ్యాహ్నానికి కలకత్తాలో ఉంటావు, రాత్రికి హైదరాబాదు. రేపు పదింటికి ఇక్కడుంటావు."

"సార్, ఇక్కడ విమానం ఎగరటం నేనెప్పుడూ చూళ్ళేదు."

"నువ్వు నేల తవ్వేవాడివి. పైకెప్పుడు చూశావు?"

హాస్యంగానే అన్నాను. అక్క పోయిన మనిషితో ఆడే హాస్యం అది.

వాడు మళ్ళీ అడిగాడు. "ఖాయమేనా సార్? ఇది పోతే ఇంక రేపే."

"నేను చెబుతున్నాగా."

వాడు దిగాడు. నేను చెబుతున్నానని దిగాడు. ఐదో తరగతిలో అట్లాసు తెరిచి ఇటు చూడరా అంటే చూసినట్టే.

పదకొండు గంటలకు మళ్ళీ ఫోను వచ్చింది. వాడు ఆ విమానాశ్రయం గేటు ముందు నాలుగు గంటలు కూర్చున్నాడట. ముందు గేటు మూసి ఉంది. తర్వాత ఒక కాపలా మనిషి వచ్చి నవ్వాడట. వారంలో ఏ రెండు రోజులో ఒక చిన్న విమానం వస్తుంది, అదీ మబ్బు లేకపోతే. అది వెళ్ళేది వేరే దిక్కుకు. వాడు అడుగుతున్న చోటికి ఎప్పుడూ విమానం లేదు, ఉన్నట్టు ఎవరూ వినలేదు.

"నలభై నిమిషాలన్నారు గదా సార్," అన్నాడు. వాడి గొంతులో కోపం ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. లేదు. తప్పు తనదేమో, తను సరిగా అడగలేదేమో అన్నట్టు ఉంది.

ఆ పేజీ మళ్ళీ తీశాను. అందులో విమానం ఉందని ఎక్కడా రాయలేదు. విమానం పేరు లేదు, బయల్దేరే వేళ లేదు. ఆ రెండు చోట్ల మధ్య ఒక విమానమంటూ ఎగిరితే ఎంతసేపు పడుతుందో ఏ యంత్రమో భాగించి రాసింది. అంతే. అక్కడ లేనిదాన్ని నేను చదివాను.

"గురువారం సాయంత్రానికి వస్తా సార్. శుక్రవారం పొద్దున దాకా ఆపండి. ఐస్ పెట్టె ఉంటది గదా. బావతో చెప్పండి. నేను వస్తన్నానని చెప్పండి."

"చూస్తాలే," అన్నాను.

ఇక్కడిదాకా పొరపాటు. ఇప్పుడు రెండోది రాయాలి.

ఫోను పెట్టేసి వాళ్ళింటికి నడిచాను. అది నాలుగిళ్ళ అవతల. నడుస్తున్నంతసేపూ నిజం చెప్పాలనే అనుకున్నాను. మైకులో మళ్ళీ ప్రకటించాలి, శుక్రవారం అని. ఎందుకని అడుగుతారు. మాస్టారు విమానముందని చెప్పి బండి దింపేశాడని చెప్పాలి. కూటాలు వదులుకుని రమ్మని పాస్టరు గారిని బతిమాలాలి, లేదా పక్క ఊరి పాస్టరును పిలవాలి. ఇవన్నీ చేయలేనంత పెద్ద పనులు కావు. ఆమె భర్త పందిరి కింద ఐస్ పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఎక్కడి దాకా వచ్చాడంట మాస్టారూ?"

"సెలవు దొరకలేదంట," అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు. అతను మళ్ళీ కూర్చున్నాడు.

"అక్క పోతే కూడా ఇవ్వరా సెలవు?"

"చీర మాత్రం నన్ను కొనమన్నాడు. తన పేరున కప్పమన్నాడు."

ఒక అబద్ధం ఒంటరిగా నిలబడదు కాబట్టి రెండోది దానికి దన్నుగా పెట్టాను. మధ్యాహ్నం బస్సెక్కి వినుకొండ వెళ్ళి ఆకుపచ్చ చీర కొన్నాను. మంచి చీరే. ఆ సాయంత్రం వాడు రెండుసార్లు ఫోను చేశాడు. తెర మీద వాడి పేరు వెలిగి ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి, "ఎవరూ?" అంది. "ఎవరో," అన్నాను. బుధవారం తెల్లవారాక వాడు సుమోలో ఉంటాడని, ఆ దారిలో సిగ్నలు ఉండదని నాకు తెలుసు. అది తలచుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

బుధవారం పదింటికి, చెప్పిన వేళకు చెప్పినట్టు, అంతా జరిగింది. పెట్టె మూసేముందు నేనే ఆ చీర మడత విప్పి కప్పాను. తమ్ముడు పంపాడని చెప్పాను. ఆమెతో ఇరవై ఏళ్ళు పక్క సాలులో కాయ కోసిన మనిషి, వయసులో ఈమెకన్నా పెద్దది, పెట్టె అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"తమ్ముడు పంపింది ఆకుపచ్చదా?" అంది. "దాని ఒంటి మీద ఆకుపచ్చ ఎప్పుడన్నా చూశారా మాస్టారూ? చేలో పొద్దస్తమానం ఆ రంగే గదా, ఇంటికొచ్చి కూడానా అనేది. వాడికి తెలీదా ఏంది?"

"దుఃఖంలో ఉన్నాడు, ఏదో ఒకటి చెప్పాడు," అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. మిరపకాయ మంటకు ఎర్రబడి పగిలిన ఆ వేళ్ళు ఇప్పటికీ నాకు కనబడుతూనే ఉంటాయి.

గురువారం పొద్దుగూకే వేళ వాడు ఆటో దిగాడు. వినుకొండలో ఆటో ఎక్కినప్పుడే, మా ఊరి ఆటో కావడంతో, నిన్ననే పెట్టేశారని తెలిసిపోయిందట. సంచి భుజాన వేసుకుని తిన్నగా సమాధుల దొడ్డికి పోయాడు. తర్వాత ఇంటికి వచ్చాడు. నేను ఆ పందిరి కిందే ఉన్నాను.

బావ తలెత్తలేదు. "ఇప్పుడిచ్చారా సెలవు?" అన్నాడు.

"సెలవేంది బావా?"

"చీర పంపించావుగా, చాల్లే. మళ్ళీ రావటం దేనికి?"

వాడు బావ వంక చూసి, తర్వాత నా వంక చూశాడు. వాడికి అంతా అర్థమైంది. ఎప్పుడూ చురుకైన పిల్లాడే. నేను నోరు తెరుస్తానేమోనని కాసేపు ఆగాడు. నేను తెరవలేదు. వాడు కూడా నా సంగతి బయటపెట్టలేదు. సంచి కింద పెట్టి, చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో వాడికి అన్నం ముందుకు తోశారే గానీ ఎవరూ పలకరించలేదు.

శుక్రవారం నన్ను వెతుక్కుంటూ మందిరం మెట్ల దగ్గరకు వచ్చాడు. నేను తిడతాడనుకున్నాను. పక్కన కూర్చున్నాడు.

"మీరు మ్యాపు పాఠం చెప్పేటప్పుడు దారం ఇచ్చేవాళ్ళు గదా సార్," అన్నాడు. "ఊరికీ ఊరికీ మధ్య స్కేలు పెట్టగూడదు, దారం పెట్టి రోడ్డు ఎట్టా వంకర్లు తిరిగితే అట్టా పోనియ్యాలి, అప్పుడు దారాన్ని కొలవాలి అనేవాళ్ళు. నేను స్కేలు పెట్టానని ఓసారి వేళ్ళ మీద కొట్టారు."

"గుర్తుంది."

"సుమోలో పద్నాలుగు గంటలూ అదే గుర్తొచ్చింది."

లేచి వెళ్ళిపోయాడు.

మా ఊరికి కొంత దూరంలో తెల్లదొరల కాలం నాటి విమానాల మైదానం ఒకటుంది. యుద్ధమప్పుడు వేశారంటారు. నా ఎరుకలో అక్కడ విమానం దిగలేదు. మా చిన్నప్పుడు మిరపకాయలు ఆరబోసుకోవడానికి అంత మంచి కళ్ళం చుట్టుపక్కల లేదు. మా నాన్నతో పాటు నేనూ ఆ గట్టి నేల మీద కాయ తిరగేశాను, తాలు కాయలు ఏరాను. ఎండకు కాలి, అరికాళ్ళు బొబ్బలెక్కేవి. ఆ సాయంత్రం మా ఆవిడ ఫోను తీసి, ఆ మైదానం పేరూ వాడున్న కొండ ఊరి విమానాశ్రయం పేరూ ఆ పేజీలో కొట్టాను. క్షణం కూడా ఆలస్యం కాలేదు. దూరం వచ్చింది. నీలం గీత వచ్చింది. ప్రయాణ సమయం దాదాపు మూడు గంటలు. మేకలు మేసే చోటి నుంచి, గేటుకు తాళం వేసిన చోటికి. విమానం దిగని చోటు ఎలా ఉంటుందో తెలిసి పెరిగినవాణ్ణి నేను. ఇంకెవరు మోసపోయినా నేను మోసపోవలసింది కాదు. అసలు మోసపోయానని అనడం కూడా తప్పే. నాకు బుధవారం పది గంటలు కావాలి. ఆ పేజీ అది ఇచ్చింది కాబట్టి తీసుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ లేవబోతుంటే మైకు అడిగి తీసుకున్నాను. చెప్పదలచింది కాగితం మీద రాసుకున్నాను గానీ కాగితం చూడలేదు. వాణ్ణి సుమో దింపించింది నేనేనని చెప్పాను. శుక్రవారం దాకా ఆపమని వాడు అడిగాడని చెప్పాను. సెలవు దొరకలేదన్నది నేను అల్లిన మాట అని, ఆ ఆకుపచ్చ చీర నా చీర అని చెప్పాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె పక్క సాలు మనిషి, "నాకు తెలుసు," అంది. గట్టిగా కాదు. కానీ మందిరమంతా వినిపించింది.

బయటికి వచ్చాక ఆమె భర్త నా ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను.

"ఐస్ పెట్టె ఇంకో రెండ్రోజులు ఉంచితే ఏమైపోయేది మాస్టారూ?" అన్నాడు. "మూడ్రోజులుగా వాణ్ణి కుక్కని చూసినట్టు చూశా. మీరు చూస్తానే ఉన్నారు."

మైకును, సంఘ పెద్దరికాన్ని ఆ రోజే వదిలేశాను. అదేమీ పెద్ద శిక్ష కాదు. ఎవరూ ఉండమని అడగలేదు.

వాడు తెచ్చిన చీర సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. అక్కకు కప్పడానికి ఏమన్నా తెచ్చావా అని అడగడానికి వెళ్తే, వాడే సంచి తెరిచి చూపించాడు. అది చీర కాదు. అక్కడి కొండ ఆడవాళ్ళు మగ్గం మీద నేసే ఎర్రటి గుడ్డ, నల్ల అంచు. వాళ్ళు నడుముకు చుట్టుకునేది కాబట్టి పొడుగు తక్కువ. అక్క కోసమని పోయిన క్రిస్మస్‌కు ముందే రెండు మూడు ముక్కలు కొని, చీర పొడుగు వచ్చేలా కుట్టించి, సెలవు దొరికితే తెద్దామని ట్రంకుపెట్టెలో దాచాడు. అతుకుల దగ్గర దారం రంగు సరిగా కలవలేదు.

మామూలుగా మట్టి కుదురుకునేదాకా సమాధి కట్టరు. కానీ వాడికి సెలవు ఇంకో ఆరు రోజులే ఉంది. నేను ఆమె భర్త దగ్గరకు వెళ్ళి, సిమెంటు పని తమ్ముడు ఉండగానే చేయిద్దామని, దానికి ముందు ఆ గుడ్డ లోపల పరిచేందుకు పైమట్టి నన్ను తియ్యనివ్వమని అడిగాను. "వాణ్ణడగండి," అన్నాడు. వాణ్ణి అడిగితే, "మీరే తవ్వండి," అన్నాడు.

బుధవారం పొద్దున్నే వెళ్ళాం. మేస్త్రీ ఇటుకలు పేర్చుకుంటూ పక్కన ఉన్నాడు. ఆమె భర్త, ఆ పక్క సాలు మనిషి, వాడు, నేను. పార తీసుకుని తలవైపు నుంచి కాళ్ళవైపు దాకా మూరెడు లోతు మట్టి తీశాను. నల్లరేగడి. పైన ఎండి పెళ్ళలు కట్టింది, కింద తడిగానే ఉంది. నాకు అరవై ఎనిమిదేళ్ళు. సగానికి రాకముందే అరచేతుల చర్మం లేచిపోయింది.

"సార్, అది పట్టటం అట్టా కాదు. ఇటియ్యండి," అన్నాడు వాడు. రోజంతా కొండలు తవ్వే మనిషి.

ఇవ్వలేదు. వాడూ మళ్ళీ అడగలేదు.

గుంట తయారయ్యాక వాడు దిగి ఆ ఎర్రగుడ్డ పరిచాడు. అతుకులు పైకి కనబడకుండా తిరగేసి పరిచాడు. అంచులు రెండు వైపులా సమంగా ఉన్నాయో లేదో చూసి, తలవైపు కొంచెం లాగి సరిచేశాడు. పక్క సాలు మనిషి, "ఇదైతే కట్టుకునేది," అంది. వాడు ఏడ్చాడు. నేను అటు చూడలేదు.

తీసిన మట్టంతా మళ్ళీ పారతో వేశాను. మేస్త్రీ నీళ్ళు చల్లి, దిమ్మిసతో కుదించి, సిమెంటు కలపడం మొదలుపెట్టాడు. వాడు నా చేతిలోంచి పార తీసుకుని, బోరింగు దగ్గర కడిగి, గోడకు ఆనించాడు. క్షమించానని వాడు అనలేదు. నేను అడగలేదు.

శనివారం వాడు వెళ్ళేటప్పుడు వినుకొండ స్టేషను దాకా సంచి మోసుకుంటూ వెళ్ళాను. ఈసారి రైలులోనే పోతున్నాడు. ఎన్ని రోజులకు చేరతావురా అని అడిగాను.

"దారం పెట్టి కొలుచుకోండి సార్," అన్నాడు.

ఇంటికి వచ్చి, పాత అట్లాసు తీసి, మా ఆవిడ దగ్గర కుట్టుదారం అడిగి తీసుకుని, రైలు దారి వెంబడి, నది వెంబడి, కొండ దారి వంకర్ల వెంబడి వేలితో అదుముకుంటూ పోనిచ్చాను. సాయంత్రం దాకా పట్టింది. ఆ దారం ముక్కను తెంపి, అట్లాసులో ఆ మ్యాపు పేజీలోనే పెట్టాను.